చిట్టెలుక కారు, బాపు ఎడమకాలు

పోయిన ఏడాది దసరాకు ముందు కామాటిపురా నుంచి పెద్దమ్మ ఫోను చేసింది. "బిడ్డా, షెడ్డు ఖాళీ చెయ్యమంటున్రు. భంగార్‌వాడు తరాజు పట్టుకొని నిలబడ్డడు. మీ బాపు నడిపిన బండి కిలోల లెక్కన ఇచ్చెయ్యాల్నా, నువ్వు తీస్కపోతవా?"

ఆమె మాకు రక్తసంబంధీకురాలు కాదు. కంట్రాక్టర్ సేట్ గారి కోడలు. చాల్‌లో అందరం వరసలు కలిపి పిలుచుకునేవాళ్లం గనుక పెద్దమ్మ.

ఆ బండి ఫియట్ 500. రెండు తలుపులు, రెండు సీట్ల కూపే. ఇటలీవాళ్లు దానికి ముద్దుగా 'టోపోలినో' అని పేరు పెట్టుకున్నారు. అంటే చిట్టెలుక. వాళ్ల భాషలో మిక్కీ మౌస్ పేరు కూడా అదే. దాంతే జకోసా అనే ఇంజనీరు రూపొందించగా 1936లో వచ్చింది, 1955 వరకు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. మన దేశంలో వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు 1950ల తొలినాళ్లలో కుర్లాలో దీన్ని బిగించారు. తర్వాత వచ్చిన ఫియట్ 1100, దాని వారసురాలు పద్మిని మనందరికీ తెలిసినవే. పద్మిని కాలీపీలీ టాక్సీలు 2023 అక్టోబరు 30తో బొంబాయి రోడ్లమీద కనుమరుగయ్యాయి. వాటికోసం కన్నీళ్లు పెట్టినవాళ్లున్నారు గానీ, వాటికి ముందొచ్చిన ఈ ఎలుకపిల్లను తలచుకున్నవాళ్లు తక్కువ.

బాపు దాన్ని 1965 నుంచి సేట్ గారు పోయిన 1983 దాకా నడిపాడు. సీట్ల వెనక సామాను పెట్టుకునే చోట ముడుచుకుని కూర్చుని నేను చౌపాటీ చూశాను.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. 1991లో బ్యాంకు ఉద్యోగానికి నింపిన ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట 'వ్యాపారం' అని రాశాను. అడ్రసు కూడా కామాటిపురా అని రాయలేక ఒక బంధువుది ఇచ్చాను. ఆ పేరు వినగానే జనం ముఖాల్లో వచ్చే నవ్వు మీకు తెలుసు. నిజానికి 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట కట్టి సముద్రపు నీటిని ఆపాక ఆరిన నేల అది. నిజాం ఇలాకానుంచి వచ్చి ఈ నగరానికి రాళ్లు మోసిన మన కామాటీలు స్థిరపడటంవల్ల ఆ పేరొచ్చింది. వారిలోంచే పెద్ద కంట్రాక్టర్లు వచ్చారు. జయ కరాడి లింగు వంటివారు జోతిరావు ఫూలేకు అండగా నిలిచారు. ఇదంతా నాకు అప్పుడూ కొంత తెలుసు. అయినా ఫారంలో అలాగే రాశాను. "ఏం రాసినవ్‌రా?" అని బాపు అడిగితే "ట్రాన్స్‌పోర్టు" అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు.

సరే, బండిని టెంపోలో ఎక్కించి ఠాణేలో మా సొసైటీకి తెచ్చాం. మా ఆవిడ చుట్టూ తిరిగి చూసి, "బ్యాంకులో మొండి బకాయిలు చాలలేదా, ఇంటికి కూడా తెచ్చారా?" అంది.

నాగ్‌పాడా నుంచి ఒక కుర్ర మెకానిక్ ఆదివారాలు వస్తానన్నాడు. మొదటిరోజే ముందు జాలీ వెనక రేడియేటర్ కోసం వెతికాడు. దొరకలేదు. ఈ బండిలో ఇంజను ముందుంటుంది, రేడియేటర్ దాని వెనక. నాలుగు సిలిండర్లు కలిపినా 569 సీసీయే, అవి కూడా పట్టేసి ఉన్నాయి. ప్లగ్గులు తీసి ఆయిల్ పోసి పదిరోజులు నానబెడితే కదిలాయి. తలుపు హ్యాండిల్ చోర్ బజారులో దొరికింది. గాస్కెట్లు, బ్రేకు రబ్బర్లు ఇటలీ నుంచి తెప్పించాం. వాటి ఖరీదుకంటే కస్టమ్స్, కొరియరు ఎక్కువైంది. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతున్నారు గనుక పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి కారతాయి. అన్నీ మార్చాల్సిందే. సీట్లు కుట్టింది వర్లీ చాల్‌లో ఉండే పద్మశాలి పెద్దాయన. మగ్గం మనిషి. 1982 జనవరిలో మొదలైన మిల్లు సమ్మె తర్వాత మళ్లీ మిల్లు గడప తొక్కకుండా సీట్ల కుట్టుపని నేర్చుకున్నాడు. కూలి తక్కువ చెప్పాడు, నేనే ఎక్కువిచ్చాను. మొత్తం లెక్క మాత్రం ఇక్కడ రాయను, ఈ పత్రిక మా ఇంటికీ వస్తుంది.

కాగితాల పని నాకు అలవాటే. 50 ఏళ్లు దాటిన బండ్లకు కేంద్రం 2021లో వింటేజ్ నిబంధనలు తెచ్చింది. కొత్తగా రిజిస్టర్ చేస్తే రుసుము 20,000 రూపాయలు, 'వి.ఎ.' వరస నంబరు. ముందే రిజిస్టరై ఉంటే పాత నంబరు నిలుపుకోవచ్చు. ర్యాలీలకు, ప్రదర్శనలకు తీసుకెళ్లవచ్చుగానీ రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడానికి వీల్లేదు. పాత నంబరు కావాలంటే పాత ఆర్‌సీ పుస్తకం కావాలి గదా? పెద్దమ్మ ఇల్లంతా వెతికింది. చివరికి బాపు తన ట్రంకు పెట్టెలోంచి తీసి ఇచ్చాడు. ప్లాస్టిక్ కవరు, దానిమీద రబ్బరు బ్యాండు. "సేటమ్మ దాచమన్నది" అన్నాడు.

మార్చిలో ఇంజను అందుకుంది. కుర్రాడు ఫస్టు వేసి కదిలించాడు. సెకండుకు మార్చగానే గేర్లు కర్రుమని అరిచాయి. మళ్లీ వేశాడు, మళ్లీ అదే అరుపు. బాల్కనీల్లోంచి జనం చూస్తున్నారు. గేర్‌బాక్సు పోయింది, విప్పాలి అన్నాడు. నా గుండె జారింది.

ఎనభై అయిదేళ్ల బాపు ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచాడు. "పోలే. దిగు" అన్నాడు. లైసెన్సు ముగిసి చాలా ఏళ్లయింది కాబట్టి గేటు దాటనివ్వలేదు. కాంపౌండులోనే. క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి మళ్లీ తొక్కి సెకండు. చప్పుడు లేదు. ఈ బండిలో కింది రెండు గేర్లకు సింక్రోమెష్ ఉండదు, పళ్లు వాటంతట అవి కలవవు. కాలే కలపాలి. చెవులు సరిగా వినపడని మనిషి ఇంజను మోతను పాదంతో విన్నాడు. చింతచెట్టు చుట్టూ రెండుసార్లు తిప్పి సరిగ్గా గీతలమధ్య ఆపాడు. ఆయన చేసేది ఎంత సున్నితమైన పనో వెనక కూర్చున్న పిల్లవాడికి ఎప్పుడూ తట్టలేదు.

మెకానిక్ ఆయన్ని 'ఉస్తాద్' అంటున్నాడిప్పుడు. పైసలడగకుండా ఆదివారాలు నేర్చుకోవడానికి వస్తున్నాడు.

ఆవేళ మూడో అంతస్తు గుప్తాగారు కిందికొచ్చి, "అంకుల్‌కు ఇంత బాగా ఎలా వచ్చు?" అని నన్నడిగారు. బాపు బానెట్ తుడుస్తూ తల ఎత్తలేదు.

"మా నాన్న సేట్ గారి దగ్గర డ్రైవరుగా పదిహేడేళ్లు చేశారు" అన్నాను.

"పద్దెనిమిది" అన్నాడు బాపు.