తెరమీది చిత్రము – చేతిలోని చిత్రము

మన కళాశాలలో ఛాయాచిత్రములు లేని విద్యార్థి లేడు. ఒక్కొక్కరి ఫోనులో అవి వందలు, వేలుగా ఉన్నవి. కాని గత అయిదారేండ్లలో ఇంటి ఆల్బములో చేరిన చిత్రములెన్ని అని ప్రశ్నించుకొన్నచో, మనలో పలువురము తలవంచుకొనవలసి వచ్చును.

గత వేసవిలో మాలో ఒకరి ఫోను నీటిలో పడి పాడైపోయినది. ఫోను మరల కొనవచ్చును. కాని దానిలో మాత్రమే ఉన్న దాదీ గారి కడపటి ఈద్ నాటి చిత్రము మరల రాలేదు. దాదీ గారు ఇప్పుడు లేరు. ఆ చిత్రమును ఒక్క కాగితముపై ముద్రించుకొని యుండినచో ఈ విచారము కలిగెడిది కాదు.

"ఇంటిలో కంప్యూటరు లేదు, ఎట్లు ముద్రింపగలము?" అని చాలమంది అందురు. ఇది అపోహ. 2003లోనే జపాను కెమెరా తయారీదారుల సంఘము "పిక్ట్‌బ్రిడ్జ్" అను ప్రమాణమును వెలువరించినది. దానిని పాటించు కెమెరాను, ప్రింటరును తీగతో కలిపి, కెమెరా తెరపైననే చిత్రమును ఎన్నుకొని ముద్రించుకొనవచ్చును. మెమరీ కార్డును నేరుగా స్వీకరించు ప్రింటర్లును, ఫోను నుండి వైఫై ద్వారా చిత్రమును గ్రహించు ప్రింటర్లును కలవు.

వీనిలో రెండు రకములు ముఖ్యమైనవి. ఇంకుజెట్ ప్రింటరు సిరాను సన్నని చుక్కలుగా చిమ్మును. పలుదినములు వాడనిచో సిరా ఎండి రంధ్రములు మూసికొనిపోవచ్చును. డైసబ్లిమేషన్ ప్రింటరు రిబ్బనులోని రంగును వేడిచే కాగితమునకు ఎక్కించును. పసుపు, మెజెంటా, సయాన్ రంగులకు మూడుమారులు, పైని రక్షణ పొరకు ఒకమారు కాగితము లోనికి, వెలికి తిరుగును. ఎప్పుడో ఒకమారు ముద్రించు ఇంటికి ఇదియే మేలని మా అభిప్రాయము. 10 × 15 సెంటీమీటర్ల చిత్రమునకు సుమారు 21 లక్షల పిక్సెళ్లు చాలును. సామాన్యమైన ఫోనుకును ఇది కష్టము కాదు. ఐతే వాట్సాప్‌లో చేతులు మారి కుదించుకుపోయిన ప్రతిని కాక, మూలచిత్రమునే ముద్రింపవలెను.

స్టూడియోలో ఇంతకన్న చౌక గదా అని కొందరి వాదన. నిజమే. పెండ్లి చిత్రములు నూరు కావలసినచో స్టూడియోయే తగినది. కాని ఇంటి స్త్రీల చిత్రములను పరుల చేతికిచ్చుటకు సమ్మతింపని కుటుంబములు మనలో ఎన్నియో కలవు. అట్టి ఇండ్లలో తల్లుల, అవ్వల ముఖములు ఫోనులోనే పుట్టి ఫోనులోనే మాసిపోవుచున్నవి. ఈ నష్టమునకు వెల కట్టగలమా?

1905లో మరణించిన రాజా దీనదయాళ్ తీసిన నిజాం కాలపు హైదరాబాదు చిత్రములు నేటికిని మనకు కనిపించుచున్నవన్న, అవి గాజుపలకలపై, కాగితముపై నిలిచియున్నందుననే గదా!

కావున కళాశాల కమిటీ వారికి మా విన్నపము: గ్రంథాలయమున ఒక చిన్న ప్రింటరును ఏర్పరుపుడు. కాగితము, రిబ్బను ఖర్చు మేమే భరింతుము. ప్రతి విద్యార్థియు, విద్యార్థినియు తమ ఇంటి పెద్దల చిత్రమొకటి తామే స్వయముగా ముద్రించుకొని, దాని వెనుక పేరు, ఊరు, తేదీ ఉర్దూలోను తెలుగులోను వ్రాసికొందురు గాక. పేరు వ్రాయని చిత్రమును మన పిల్లలు గుర్తింపలేరు.