చక్రములపై మరుగుదొడ్డి

సూళ్లూరుపేటనుండి పులికాటు సరస్సు మీదుగా శ్రీహరికోటకు బోవు బాటలో మొన్న నొక లారీపై నాలుగు మరుగుదొడ్లు నిటారుగ నిలబడి, పెండ్లికేగు పెద్దమనుష్యులవలె ఠీవిగా సాగిపోవుచుండగా జూచితిమి. మనుష్యుడు మరుగుదొడ్డికి బోవుట యెఱుగుదుము. మరుగుదొడ్డియే మనుష్యుని వెదకికొనుచు వచ్చుట నేటి వింత! 2023 జూలై 14న చంద్రయాన్-3 ఎగిరినది యీ దీవినుండియే. అట్టి వేడుక జూడవచ్చు స్త్రీలకు దారిలో నీ సదుపాయము మిక్కిలి యవసరము. కాని నీరులేని దొడ్డి రంగువేసిన పెట్టె మాత్రమే. మఱి నిండిన తొట్టి నెత్తువారెవరు? 1901లో కలకత్తా కాంగ్రెసున గాంధీగారు తామే చీపురు పట్టి దొడ్డి శుభ్రపఱచిరి. చేతులతో మలము నెత్తించుటను 2013 నాటి చట్టము నిషేధించినది. కావున నధికారులు యంత్రముచేతనే తొట్టిని ఖాళీచేయింపవలెను. చంద్రుని జేరిన జాతికి ఇది యసాధ్యమా?