కార్న్‌వాల్ గనుల చరిత్రను కోలారుతో కలిపి రాయాలి

బ్రిటన్ ద్వీపానికి నైరుతి కొసన, దాదాపు అన్ని వైపులా సముద్రం ఆవరించి, తూర్పున టేమర్ నది ఎల్లగా ఉన్న చిన్న సీమ కార్న్‌వాల్. సుమారు 5.7 లక్షల జనాభా గల ఈ సీమను అక్కడివారు తమ సొంత భాషలో కెర్నో అంటారు. కోలారు బంగారు గనుల్లోనూ, వాటికి దక్షిణంగా చిత్తూరు జిల్లాలోకి సాగిన బంగారపు రాతి పొరల్లోనూ పనిచేసిన తెలుగు, తమిళ కార్మికుల చరిత్ర ఈ సీమ చరిత్రతో ఒక శతాబ్దానికి పైగా పెనవేసుకొని ఉంది. కార్న్‌వాల్ తన స్థానిక చరిత్రను ఊరూరా సేకరించి కాపాడుకున్న పద్ధతిని కోలారు గనుల విషయంలో ఇకనైనా చేపట్టాలనీ, కార్న్‌వాల్ సంస్థలు సైతం తమ గనుల చరిత్రలో కోలారు కార్మికులకు న్యాయమైన స్థానం ఇవ్వాలనీ ఈ కరపత్రం కోరుతున్నది.

కార్న్‌వాల్ చరిత్రకు మూలం తగరం. రాగిలో తగరం కలిపితేనే కంచు తయారవుతుంది. యూరప్‌లో తగరం దొరికే చోట్లు బహు కొద్ది కనుక, ప్రాచీన కాలం నుంచే ఈ సీమ ఖనిజం దూరదేశాలకు చేరింది. తగరం తవ్వేవారికి 1201లో జాన్ రాజు ప్రత్యేక శాసనం ఇచ్చాడు. దాని బలంతో వారికి స్టానరీ అనే ప్రత్యేక న్యాయవ్యవస్థ, అంటే తగరపు పనివారి తగవులను తీర్చే సొంత కోర్టులు, కాలక్రమంలో సొంత పార్లమెంటు సైతం ఏర్పడ్డాయి. ఆ పార్లమెంటు చివరి సమావేశం 1753లో ముగిసింది. కోర్టులు 1896 దాకా నడిచాయి. భూగర్భంలో శ్రమించేవారికి ఇంత పాతకాలం నుంచి చట్టబద్ధమైన హక్కులు ఉండడం సామాన్యమైన విషయం కాదు. కోలారులో జరిగినదాన్ని తూచేటప్పుడు దీన్ని మరువరాదు.

ఈ సీమ ప్రజలు తమను ఇంగ్లీషువారిలో ఒక భాగంగా కాక వేరొక జాతిగా భావించుకోవడానికి గట్టి కారణాలున్నాయి. వారి కార్నిష్ భాష వెల్ష్, బ్రెటన్ భాషలకు తోబుట్టువు. ఇంగ్లీషుతో దానికి దగ్గరి చుట్టరికం లేదు. స్కాట్లాండుతో యుద్ధం కోసం ఏడవ హెన్రీ విధించిన పన్నును ఎదిరిస్తూ 1497లో సెయింట్ కెవర్న్ గ్రామపు కమ్మరి మైకేల్ జోసెఫ్, బోడ్మిన్‌కు చెందిన న్యాయవాది థామస్ ఫ్లమాంక్ వేలమందిని వెంటబెట్టుకొని లండన్ పొలిమేరల దాకా నడిచారు. అక్కడ ఓడిపోయి ప్రాణాలు కోల్పోయారు. ఇంగ్లీషు ప్రార్థనా గ్రంథాన్ని చర్చిలలో తప్పనిసరి చేసినప్పుడు 1549లో మళ్ళీ తిరుగుబాటు లేచింది. దాని అణచివేత తరువాత భాష పశ్చిమానికి కుంచించుకుపోయింది. మౌజుల్ గ్రామంలో చేపలమ్ముకొని బతికిన డాలీ పెంట్రీత్ 1777లో మరణించడంతో కార్నిష్ మాతృభాషగా గల చివరి మనిషి పోయినట్లు చెప్పుకుంటారు. అయితే హెన్రీ జెన్నర్ 1904లో ఆ భాషకు వాచకం ప్రచురించడంతో పునరుద్ధరణ మొదలైంది. యునెస్కో 2010లో దానిని అంతరించిన భాషల వర్గం నుంచి తప్పించింది. 2014లో బ్రిటిష్ ప్రభుత్వం కార్నిష్ ప్రజలను జాతీయ అల్పసంఖ్యాకులుగా గుర్తించి, రెండేళ్ళు తిరగకముందే ఆ భాషకిచ్చే నిధులను ఆపివేసింది. గుర్తింపు ఇచ్చిన చేతితోనే నిధులు తెగ్గోయడం అన్యాయం. ప్రభుత్వాల దయ మీద మాత్రమే ఆధారపడిన వారసత్వం ఎంత బలహీనమైనదో దీనివల్ల తెలుస్తుంది.

తగరం తరువాత రాగి. 19వ శతాబ్దపు తొలి దశకాల్లో ప్రపంచానికి అందిన రాగిలో సుమారు మూడింట రెండు వంతులు కార్న్‌వాల్, పశ్చిమ డెవన్ గనులదేనని అంచనా. లోతుకు పోయేకొద్దీ గనిలో ఊరే నీటిని తోడడం అన్నిటికన్నా పెద్ద సమస్య కావడంతో, రిచర్డ్ ట్రెవితిక్ వంటి స్థానిక ఇంజనీర్లు అధిక పీడనపు ఆవిరి యంత్రాలను రూపొందించారు. నేటికీ సముద్రపు ఒడ్డున, మైదానాల మీద నిలిచి ఉన్న రాతి ఇంజన్ గృహాలు ఆ యంత్రాలను ఉంచడానికి కట్టినవే. శ్రమ విధానం కూడా ప్రత్యేకమైనదే. ట్రిబ్యూట్ అనే పద్ధతిలో గనిలోని ఒక్కొక్క భాగాన్ని వేలం వేసేవారు. కార్మికుల జట్టు తాము తీసిన ఖనిజపు విలువలో ఒప్పుకున్న వాటాను కూలిగా పొందేది. గనిని నడిపే అనుభవజ్ఞుణ్ణి కెప్టెన్ అనేవారు. పైకి వచ్చిన రాతిని సుత్తెలతో పగలగొట్టి ఖనిజాన్ని వేరుచేసే పనిలో వేలాదిమంది స్త్రీలు, బాలికలు ఉండేవారు. వారిని బాల్ మెయిడెన్లు అన్నారు. కార్నిష్‌లో బాల్ అంటే గని. చరిత్ర పుస్తకాలు ట్రెవితిక్‌కు ఇచ్చిన పుటలతో పోలిస్తే ఈ స్త్రీలకు దక్కినది బహు స్వల్పం. ఆ లోటును కార్న్‌వాల్‌లోనే ఇంకా పూర్తిగా తీర్చవలసి ఉంది.

1860ల మధ్యలో రాగి ధర కుప్పకూలడంతో గనులు వరుసగా మూతపడ్డాయి. 1861 నుంచి 1901 వరకు సుమారు రెండున్నర లక్షలమంది కార్నిష్ ప్రజలు సముద్రాలు దాటి వలస వెళ్ళారని చరిత్రకారుల అంచనా. దక్షిణ ఆస్ట్రేలియాలోని మూంటా, కాలిఫోర్నియాలోని గ్రాస్ వ్యాలీ, మెక్సికోలోని రియల్ డెల్ మోంటే, దక్షిణాఫ్రికాలోని బంగారు గనులు వారి నైపుణ్యంతో పెరిగాయి. లోతైన గని ఎక్కడ తవ్వినా అక్కడికి కార్నిష్ పనివాడు చేరేవాడు కనుక, కజిన్ జాక్ అనే పేరు వారందరికీ కలిపి స్థిరపడింది.

కోలారు ఈ వలస దారిలోని ఒక మజిలీ. కార్న్‌వాల్‌లోని గ్వెన్నప్ గనులను, ఆపై రియల్ డెల్ మోంటేను నిర్వహించిన జాన్ టేలర్ పేర వెలసిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ 1880 నుంచి కోలారు గనుల నిర్వహణను చేపట్టింది. పెట్టుబడి కరిగిపోయి, కోలారులోని మైసూరు అనే గనిని మూసేసే స్థితి వచ్చినప్పుడు, కెప్టెన్ ప్లమ్మర్ నేతృత్వంలో ఛాంపియన్ లోడ్ అనే బంగారపు పొర బయటపడింది. ఛాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గ గనులు ఆ తరువాత విస్తరించాయి. 1902లో కావేరి మీది శివసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్ల తీగల మీదుగా వచ్చిన విద్యుత్తు ఆ గనులను నడిపింది. ఛాంపియన్ రీఫ్ గని చివరకు 3 కిలోమీటర్లకు మించిన లోతు చేరింది. ఆ లోతున రాతి మీది ఒత్తిడి వల్ల గోడలు ఒక్కసారిగా పేలిపోయే ప్రమాదాలు ఎందరో కార్మికులను బలిగొన్నాయి.

ఆ కార్మికులలో అత్యధికులు అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి, కోలారు పరిసరాల నుంచి వచ్చిన తమిళ, తెలుగు శ్రామికులు. వారిలో దళితులే ఎక్కువ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు చిత్తూరు పట్టణమే ఉత్తర ఆర్కాటుకు కేంద్రం కనుక, ఆ జిల్లా పేరు చెప్పినప్పుడు తెలుగు నేల కూడా అందులో ఉందని గ్రహించాలి. కార్న్‌వాల్‌లో పేదరికం తరిమితే వచ్చిన కార్నిష్ పనివాడు కోలారులో అధికారి అయ్యాడు. అతనికి బంగళా, క్లబ్బు దక్కితే, దేశీయ కార్మికుడికి లైన్లు అని పిలిచే ఇరుకు గుడిసెల వరుసలు దక్కాయి. సొంత సీమలో స్టానరీ కోర్టుల సంప్రదాయం గలవారి పరిశ్రమే ఇక్కడి కార్మికుల మీద వేలిముద్రల నమోదును రుద్దబోగా, 1930లో కార్మికులు సమ్మెకు దిగి ఆ పద్ధతిని అడ్డుకున్నారు. కార్న్‌వాల్ వారసత్వాన్ని కీర్తించేవారు ఈ రెండో పార్శ్వాన్ని దాటవేస్తే అది సగం చరిత్రే అవుతుంది.

వలస పాలకుల వెంట వచ్చినవారి వారసత్వం మీద తెలుగువారికి పట్టింపు దేనికని కొందరు అడగవచ్చు. ఆ ప్రశ్న సహేతుకమైనదే. కానీ కోలారు కార్మికుడు స్వయంగా రాసిన కాగితం దొరకడం అరుదు. అతని పేరు, కూలి, గాయం, మరణం కంపెనీ రిజిస్టర్లలో, గని అధికారుల నివేదికల్లో, మైసూరు సంస్థానపు దస్త్రాల్లో, ఇళ్ళకు పంపిన ఉత్తరాల్లో, 1810 నుంచి వెలువడుతున్న వెస్ట్ బ్రిటన్, 1878లో మొదలైన కార్నిష్‌మన్ వంటి కార్న్‌వాల్ పత్రికల్లో వెతకవలసి ఉంటుంది. యజమాని పెట్టె తెరవకుండా కార్మికుడి చరిత్ర బయటికి రాదు. కనుక కార్న్‌వాల్ చరిత్రను శోధించడం తెలుగువారికి పరాయి పని కాదు.

ఆ శోధన ఎలా చేయాలో కార్న్‌వాల్ ప్రజలే చూపారు. 1920లో సెయింట్ ఐవ్స్‌లో రాబర్ట్ మోర్టన్ నాన్స్ ప్రారంభించిన ఓల్డ్ కార్న్‌వాల్ సంఘం పొలాల పేర్లు, పనిముట్ల పేర్లు, గని మాటలు, ముసలివారి జ్ఞాపకాలు సేకరించే పనికి సామాన్యులనే పురికొల్పింది. అటువంటి సంఘాలు ఊరూరా లేచి, 1924 నాటికి ఒక సమాఖ్యగా కలిశాయి. 1919లో లెవాంట్ గనిలో కార్మికులను పైకీ కిందికీ చేరవేసే యంత్రం తెగి 31 మంది మరణించారు. గని 1930లో మూతపడ్డాక అక్కడి 1840 నాటి ఆవిరి ఇంజన్‌ను తుక్కు కింద అమ్మబోతే, 1935లో కొద్దిమంది పౌరులు ఒక సంరక్షణ సంఘంగా ఏర్పడి దానిని కాపాడారు. నేడు అది తిరిగి ఆవిరితో నడుస్తున్నది. ఇటీవలి దశాబ్దాల్లో, ఒక్కొక్క పారిష్, అంటే చర్చి పరిధిలోని గ్రామ విభాగం, బాధ్యతను ఒక్కొక్క స్వచ్ఛంద సేవకుడు స్వీకరించి, పుట్టుక, పెళ్ళి, చావు నమోదులను ఎత్తిరాసి, అడిగినవారికి ఉచితంగా అందించే పద్ధతి కార్న్‌వాల్‌లోనే పుట్టింది. కార్న్‌వాల్, పశ్చిమ డెవన్ గని ప్రాంతాలకు 2006లో దక్కిన ప్రపంచ వారసత్వ హోదాకూ, 2019లో రెడ్‌రూత్ పట్టణంలో పాత బీరు కర్మాగారపు ఆవరణలో తెరిచిన కెర్నో అభిలేఖాగారం క్రేసెన్ కెర్నోకూ పునాది వేసినది ఇటువంటి పౌరుల ఓపికే.

కోలారులో ఆ పని జరగవలసినంత జరగలేదు. 1956లో మైసూరు ప్రభుత్వం స్వాధీనం చేసుకొన్న ఈ గనులు తరువాత కేంద్రం చేతికి వెళ్ళి, భారత్ గోల్డ్ మైన్స్ పేరుతో నడిచి, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అదే సంస్థ నడిపిన చిత్తూరు జిల్లా చిగురుకుంట, బిసానత్తం గనులు, నాటి అనంతపురం జిల్లా రామగిరి గనులు కూడా ఆగిపోయాయి. గనుల నుంచి వచ్చిన సైనైడ్ మట్టి గుట్టల్లో మిగిలిన బంగారాన్ని తీసే ప్రతిపాదనకు 2024లో కర్ణాటక మంత్రివర్గం సమ్మతి తెలిపింది. ఉపాధి కోసం ఎదురుచూసే పట్టణానికి ఆ పని అవసరమే కావచ్చు. అయితే యంత్రాలు దిగే ముందు షాఫ్టుల మీది ఉక్కు చట్రాలు, ఇంజన్ గృహాలు, కార్మికుల లైన్లు, శ్మశానాలు ఎక్కడ ఏ స్థితిలో ఉన్నాయో కొలతలతో, ఛాయాచిత్రాలతో నమోదు చేయించడం కేంద్ర, కర్ణాటక ప్రభుత్వాల బాధ్యత. హాజరు పుస్తకాలు, ప్రమాదాల రిజిస్టర్లు, ఆసుపత్రి దస్త్రాలు ఎక్కడెక్కడ మిగిలాయో జాబితా వేసి, వాటిని ప్రజలు చూడగల అభిలేఖాగారానికి చేర్చడం అంతకన్నా తొందరగా జరగాలి. ఇనుము తుప్పుపట్టడానికి ఏళ్ళు పడుతుంది కానీ, కాగితానికి ఒక్క వర్షాకాలం చాలు.

ఈ పనికి నడుం కట్టవలసిన విద్యాసంస్థ గనులకు చేరువలోనే ఉంది. దక్షిణాది భాషలన్నిటికీ కలిపి 1997లో కుప్పంలో స్థాపించిన ద్రావిడ విశ్వవిద్యాలయం, కోలారులో, చిగురుకుంటలో భూగర్భంలోకి దిగినవారి అనుభవాలను తెలుగు, తమిళ, కన్నడ, ఉర్దూ భాషల్లో వారి మాటల్లోనే ధ్వనిముద్రణ చేయించాలి. గనిలో వాడిన పనిమాటలకు నిఘంటువు కూర్చాలి. గని స్త్రీల ఇంటి బతుకునూ, గని వెలుపల వారు చేసిన శ్రమనూ విడిగా నమోదు చేయాలి. క్రేసెన్ కెర్నో, ప్రపంచ వారసత్వ ప్రాంతపు నిర్వాహకులు తమ వద్ద కోలారుకు సంబంధించినవి ఏమున్నాయో వెతికి, పట్టిక ప్రచురించి, ప్రతులను ఉచితంగా పంపాలి. మూంటా గురించి, మెక్సికో గురించి చెప్పేచోట కోలారు కార్మికుల సమ్మెను, వారి మరణాలను కూడా చెప్పాలి. లండన్‌లోని ఇండియా ఆఫీసు దస్త్రాలు, కర్ణాటక రాష్ట్ర అభిలేఖాగారం కలిస్తేనే ఆ పట్టిక నిండుతుంది.

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారు సెలవు దినాల్లో రెడ్‌రూత్‌లోనో లండన్‌లోనో ఒక దస్త్రం చేపట్టి, అందులోని దేశీయ కార్మికుల పేర్లను ఎత్తిరాయగలరు. ఇంగ్లీషు గుమాస్తాలు వికృతంగా రాసిన ఊరి పేర్లను గుర్తుపట్టగలిగేది పలమనేరు, పుంగనూరు తెలిసినవారే. చిత్తూరు, అనంతపురం, కోలారు ప్రాంతాల కుటుంబాలు ఇంట ఉన్న జీతపు చీటీలు, గుర్తింపు కార్డులు, ఫొటోలు పారవేయకుండా, వాటి వెనుక పేరూ ఊరూ రాసి ఉంచాలి. గనిలో పనిచేసిన పెద్దల చేత తాము దిగిన షాఫ్టు పేరు, చేసిన పని, కోల్పోయిన తోటివారి పేర్లు చెప్పించి రాసుకోవాలి. గనులు మూసిన నాటికి నడివయసులో ఉన్నవారు నేడు వృద్ధులు. ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడకుండా, చదువు వచ్చిన ప్రతి మనుమడూ మనుమరాలూ ఈ నెలలోనే ఆ పని మొదలుపెట్టాలి.