అమ్మను మంచానికి అప్పగించొద్దు

అమ్మకు క్యాన్సర్ చికిత్స పూర్తయింది. రిపోర్టులు బాగున్నాయి. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. ఆ రోజు నుంచీ ఇంట్లో ఒకటే మాట: 'నువ్వు కదలకు, అన్నీ మేం చూసుకుంటాం.' కాఫీ మంచం దగ్గరికే వస్తుంది, అన్నం పళ్లెమూ అంతే. ఇదంతా ప్రేమతోనే చేస్తాం. కానీ ఆర్నెల్లు తిరిగేసరికి ఆమె కుర్చీలోంచి లేవాలంటే ఎవరో ఒకరు చేయి అందించాల్సి వస్తుంది. 'వయసు కదా' అని సరిపెట్టుకుంటాం.

తప్పంతా వయసుది కాదు. రొమ్ము క్యాన్సర్‌కు చంకలోని లింఫు గ్రంథులు తీసేస్తే ఆ వైపు భుజం బిగుసుకుపోవచ్చు, చేయి వాయొచ్చు. పై అరలోని పప్పు డబ్బా అందదు, జడ వేసుకోవడం కష్టమవుతుంది. పాక్లిటాక్సెల్ వంటి కీమో మందులతో పాదాలు తిమ్మిరెక్కి, నడకలో తడబాటు రావచ్చు. నెలసరి ఆగినవారికి ఏళ్ల తరబడి ఇచ్చే లెట్రోజోల్, అనస్ట్రోజోల్ మాత్రలతో కీళ్లనొప్పులు రావచ్చు, ఎముకలూ గుల్లబారతాయి. వీటన్నింటికీ మనం ఇచ్చే 'విశ్రాంతి' తోడవుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లే పది రోజులు మంచానికి పరిమితమైతే కాళ్లలో దాదాపు కిలో కండ కరిగిపోయిందని 2007లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం చెప్పింది.

ఈ ఇబ్బందులు అమ్మ తనంతట తాను చెప్పదు. 'ప్రాణం దక్కింది, అదే చాలు' అనుకుంటుంది. డాక్టర్ దగ్గర మనమూ స్కాన్ గురించే అడుగుతాం, నడక గురించి అడగం.

ఈ వారం ఇంట్లోనే ఒకసారి చూడండి. అమ్మ కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టండి. పక్కన ఒకరు తప్పకుండా ఉండాలి. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే పడిపోయే ముప్పు ఉందని అర్థం. ఆ లెక్క రాసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి. ఫిజియోథెరపీ గురించి, ఎముకల గట్టిదనం తెలిపే డెక్సా పరీక్ష గురించి అడగండి.

చికిత్స ముగిసినవారికి నిపుణులు సాధారణంగా చెప్పేది వారానికి మూడు రోజులు అరగంట చొప్పున నడక, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం. మొదట ఐదు నిమిషాలైనా చాలు. ఆపరేషన్ అయిన వైపు చేత్తో ఇక ఏ బరువూ ఎత్తకూడదన్న భయం వద్దు. నిపుణుల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా పెంచుతూ పోతే చేయి వాపు ఎక్కువ కాదని పరిశోధనల్లో తేలింది. అయితే ఎముకలకు క్యాన్సర్ పాకినవారు డాక్టర్‌ను అడగకుండా ఏదీ మొదలుపెట్టకూడదు. కొత్తగా ఎముక నొప్పి వచ్చినా, ఒక కాలు ఉన్నట్టుండి వాచినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంటినీ కాస్త సవరించండి. బాత్రూంలో పట్టుకోవడానికి ఒక కడ్డీ పెట్టించండి. జారిపోయే పట్టాలు తీసేయండి. రాత్రి దారిలో చిన్న దీపం వెలగనివ్వండి.

రేపు పొద్దున కాఫీ మంచం దగ్గరికి తీసుకెళ్లకండి. 'అమ్మా, వంటింట్లోకి రా, కలిసి తాగుదాం' అని పిలవండి. ఆమె మెల్లగా వస్తుంది. తొందరపెట్టకుండా పక్కనే నడవండి.