గడప దగ్గరి పని

సేవ అనగానే పండ్ల పంపిణీ, పక్కన ఫొటోగ్రాఫరు గుర్తొస్తారు. 1990లలో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ వెంట నడిచిన యువకుల పని వేరు. పశువులు కాసే, జీతానికి ఉన్న పిల్లల ఇళ్లకు పదేపదే వెళ్లారు. అమ్మానాన్నలతో అరుగు మీద కూర్చుని మాట్లాడారు. యజమానులను ఒప్పించారు. శిబిరాల్లో చదువు అందుకునేలా చేసి బడికి పంపారు. ఆ కృషికే, సంస్థను నడిపించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం దక్కింది. ఒక్కో గడప ఎన్నిసార్లు తొక్కారో ఎవరు లెక్కేశారు!

ఈ సంచిక అలాంటి ఓపిక గురించి. ఊరి గ్రంథాలయంలో కథ చదివి వినిపించడం, చూపులేని విద్యార్థికి పరీక్ష రాసిపెట్టడం, అంగన్‌వాడీలో ఓ పూట తోడుండటం... ఇవేవీ ఫొటోకెక్కవు. ఒక్క మనవి. ఆదివారం వస్తామని పిల్లలకు చెబితే వెళ్లండి. వాళ్లు శనివారం నుంచే ఎదురుచూస్తుంటారు.