మృగశిరకు ముందే

అమెరికాలో స్థిరపడిన బిడ్డలు అక్టోబరు మాసమున ఫోను చేసి "అమ్మా, ఫ్లూ టీకా వేయించుకున్నావా?" యని అడుగుట హైదరాబాదు పొలిమేరనున్న మా అమీన్‌పూరు కాలనీలలో ఏటేట జరుగుచున్నదే. ఆ ప్రశ్నలోని ప్రేమ స్వచ్ఛమైనది; కాని ఆ మాసము డల్లాసునకు తగినదే గాని మనకు తగినది కాదు. అక్కడ ఫ్లూ మంచుకాలపు వ్యాధి. ఇక్కడ ఆ వ్యాధి ముసురు వెంట వచ్చును. జూన్ మాసమున నైరుతి ఋతుపవనము ప్రవేశించి, వానలు నిలదొక్కుకొని, శ్రావణ భాద్రపదములలో ఇంటింట దగ్గు వినబడునప్పుడే ఈ వైరసు మన ప్రాంతమున విజృంభించును. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా గుర్తింపబడిన మా పెద్ద చెరువు మీద వలసపక్షులు దిగు చలికాలము నాటికి పెద్ద కెరటము దాటిపోవును. జనవరి నుండి మార్చి వరకు మరియొక కెరటము తలయెత్తుట కలదు.

దేశమందలి పది నగరముల రోగుల నమూనాలను కొన్నేండ్లు పరీక్షించి 2015లో పరిశోధకులు ప్రకటించిన విషయమును మనవారు తగినంతగా పట్టించుకొనలేదని నా బాధ. శ్రీనగరమున ఫ్లూ శీతకాలపుది. తక్కిన నగరములలో చాలవరకు వర్షకాలపుది. కావున శ్రీనగరమున అక్టోబరు ప్రాంతమునను, తక్కిన దేశమున చాలవరకు ఏప్రిల్, మే మాసములలోను టీకా వేయుట మేలని వారు తేల్చిరి. టీకా వేసిన పిమ్మట దేహమున రక్షణ కుదురుకొనుటకు రెండు వారములు పట్టును. ఆ రక్షణ నెలలు గడచిన కొలది సన్నగిల్లును. అక్టోబరులో వేసిన సూది మరుసటి ఆగస్టునకు పది నెలల నాటిదగును. మూడేండ్ల క్రిందట అక్టోబరులోనే టీకా వేయించుకొనిన మా అమ్మ, మరుసటి భాద్రపదమున జ్వరము ముదిరి ఊపిరితిత్తులకు నెమ్ము చేసి, తొమ్మిది దినములు ఆసుపత్రి మంచము మీద నున్నప్పుడు, ఆమె తలగడ ప్రక్కన కూర్చుండి నేను ఈ లెక్క వేసికొంటిని. ఆ టీకా సకాలమున పడియుండిన నేమగునో ఎవరును చెప్పజాలరు. కాని ఆ కాలము తప్పినదని మాత్రము నాకు తెలియును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళమునకు, సెప్టెంబరులో దక్షిణార్ధగోళమునకు టీకా కూర్పును నిర్ణయించును. సెప్టెంబరు నిర్ణయము ననుసరించి తయారైన మందు మరుసటి వేసవి నాటికి దుకాణములకు చేరును. మనము భూమధ్యరేఖకు ఉత్తరమున నుండియు, వేసవిలో ఆ దక్షిణపు కూర్పునే అడిగి పుచ్చుకొనుట యుక్తము. వైరసుతో కూర్పు చక్కగా కుదిరిన ఏడు సైతము టీకా రోగమును నూటికి నలుబది మొదలు అరువది వంతుల వరకే తగ్గించును. వృద్ధులకు, గర్భిణులకు, మధుమేహము, ఉబ్బసము గలవారికి ఆ తగ్గుదలయే ప్రాణాధారము కావచ్చును.

వానకు ముందే ఊపిరిని కాచుకొనవలెనను తలపు మన జనులకు కొత్తది కాదు. వానల మొదట వచ్చు మృగశిర కార్తె నాడు ఉబ్బసపు రోగులు చేప ప్రసాదమునకై నాంపల్లి ఎగ్జిబిషను మైదానమున బారులు తీరుట హైదరాబాదు ఎరిగినదే. ఆ ప్రసాదపు గుణదోషములతో నాకిక్కడ పని లేదు. ఆ దినమును ఎన్నుకొనిన పెద్దల ఋతుజ్ఞానమును మాత్రము గౌరవింతును. వానతో ఫ్లూ ముదురుటకు మన నగరమే నిదర్శనము చూపినది: 2009 మే మాసమున దేశమందు తొలి స్వైన్ ఫ్లూ రోగి హైదరాబాదుననే గుర్తింపబడెను. వానలు ముదిరిన ఆగస్టునకు పూణె నగరము ముఖములకు గుడ్డలు కట్టుకొనెను.

నా ముఖ్యమైన మనవి మా పొరుగునున్న పటాన్‌చెరు, పాశమైలారముల కర్మాగారములను గూర్చినది. ఒడిశా నుండియు బీహారు నుండియు వచ్చిన కార్మికులు ఒక్కొక్క గదిలో అయిదారుగురు చొప్పున, షిఫ్టు దిగినవాడు లేచిన చాపపై షిఫ్టు కెక్కువాడు పండుకొనుచు బ్రతుకు చోట, కిటికీలు మూసిన కంపెనీ బస్సులలో వానకాలమంతయు ప్రయాణించు చోట, ఒకని దగ్గు పదిమందికి ప్రాకుటకు పూట చాలును. కాంట్రాక్టు కూలికి జ్వరపు దినము కూలి లేని దినమే. ఫ్లూ టీకా ప్రభుత్వ సార్వత్రిక టీకాల పట్టికలో లేదు. బజారున కొనవలెనన్న తరచు వెయ్యి రూపాయలు దాటును. కార్మికుల బీమా యగు ఇ.ఎస్.ఐ. నిమిత్తము జీతమున నూటికి 75 పైసలు కార్మికుడును, 3.25 రూపాయలు యజమానియు చెల్లించుచుండగా, ఆ నిధి నుండి మే మాసమున ఫ్యాక్టరీ గేటు వద్దనే సూది వేయించుట అసాధ్యమని నేను నమ్మను. యాజమాన్యములును కాంట్రాక్టు కూలీలను వేరు చేయక ఈ ఖర్చును పంచుకొనవలెను.

పిల్లల విషయమున ఇంకను ముందుగా మేల్కొనవలెను. తొమ్మిదేండ్ల లోపు వారికి తొలి ఏడు నాలుగు వారముల ఎడముతో రెండు మోతాదులు కావలెను. బడులు జూన్ 12 ప్రాంతమున తెరచును గనుక, ఆవకాయ జాడీల కెక్కు దినములలోనే మొదటి సూది పడవలెను.

ఈ ఏడు మా అమ్మకు ఏప్రిల్ చివరి వారమున టీకా వేయించితిని. అక్టోబరు రాగానే డల్లాసులోని మనుమనికి తానే ఫోను చేసి, సూది వేయించుకొంటివా యని అడిగెదనని ఆమె చెప్పుచున్నది.