తుప్పు లోపలే మొదలవుతుంది

రాస్ తనూరాలో సముద్రం పక్కన కాంక్రీటు పని చేసినవాళ్ళకు తుప్పు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడ గాలిలో ఉప్పు, ఇసుకలో ఉప్పు, నేలలో ఊరే నీళ్ళలో ఉప్పు. కాంక్రీటు గట్టిగా ఉన్నంతకాలం లోపలి స్టీలుకు అదే రక్ష. కవర్ తగ్గినా, ఉప్పు ఇసుక కలిసినా ఆ రక్ష పోతుంది. పైకి మాత్రం గోడ ఏళ్ళ తరబడి నున్నగానే ఉంటుంది. తుప్పుకు స్టీలు కంటే ఎక్కువ చోటు కావాలి. అది లోపల్నుంచి నెట్టీ నెట్టీ ఒకరోజు కాంక్రీటును పగలగొడుతుంది. అప్పుడు మనం "నిన్నటిదాకా బాగానే ఉందే" అంటాం. నిన్న కూడా బాగా లేదు. మనకు కనపడలేదు, అంతే.

నేను కోనసీమవాణ్ణి. సివిల్ డిప్లొమా చేసి గల్ఫ్‌కు వచ్చి పదకొండేళ్ళయింది. సూపర్‌వైజర్ని. క్రైస్తవ కుటుంబంలో పుట్టాను. అవినీతి అంటే చిన్నప్పట్నుంచి నాకు తెలిసిన అర్థం ఒక్కటే, లంచం. ఆఫీసులో గుమాస్తా తీసుకునేది, వీసాకని ఏజెంటు గుంజేది. ఆ లెక్కన అవినీతిపరుడు ఎప్పుడూ మనకంటే పైవాడే. మనం ఎప్పుడూ బాధితులమే. బైబిలు కూడా లంచాన్ని గట్టిగానే ఖండిస్తుంది. కానీ అక్కడితో ఆగదు. అది చెప్పే చెడుతనం చాలా లోతైనది. నాకది నా సంతకంలోనే దొరికింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆదికాండంలో జలప్రళయానికి ముందు లోకం ఎలా ఉందో చెప్పేచోట వాడిన హీబ్రూ మాటకు పాడైపోవడం అని అర్థం. అదే మాట యిర్మీయా గ్రంథంలోనూ కనిపిస్తుంది. బండసందులో దాచిన నడికట్టు దేనికీ పనికిరాకుండా పోయినప్పుడు ఒకసారి, కుమ్మరి చేతిలో కుండ చెడినప్పుడు ఇంకోసారి. అంటే చెడిపోవాలంటే ముందు అది మంచిదై ఉండాలి. పనికొచ్చేలా చేసిన వస్తువు పనికిరాకుండా పోవడమే చెడిపోవడం. కొత్త నిబంధనలో గ్రీకు మాట 'ఫ్థోరా'. కుళ్ళిపోవడం, నశించిపోవడం అని దాని అర్థం. తెలుగు బైబిల్లో కొన్నిచోట్ల 'క్షయము' అన్నారు. పౌలు గలతీయులకు రాసిన పత్రికలో దాన్ని పంటతో పోల్చాడు. ఏం విత్తితే అదే కోస్తాం. ఒక్కరోజులో వచ్చేది కాదు అది.

ఇంకో సంగతి. ఆదికాండం లోకం చెడిపోయిందని చెప్పి, ఆ వెంటనే అది బలాత్కారంతో నిండిపోయిందని చెబుతుంది. మనిషి లోపల కుళ్ళితే ఆ దెబ్బ పక్కవాడికి తగులుతుందన్నమాట. "నా మనసు, నా దేవుడు, మధ్యలో మీకేంటి" అనడానికి లేదు.

నాకు జరిగింది చెబుతాను. ఇప్పుడున్న కంపెనీ కాదు, అంతకు ముందుది. నా కింద తొమ్మిదిమంది బార్ బెండర్లు, కార్పెంటర్లు. సౌదీ కార్మిక చట్టం 107వ అధికరణ ప్రకారం ఓటీ గంటకు ఆ గంట జీతంతో పాటు మూల వేతనంలో సగం అదనంగా ఇవ్వాలి. పైనుంచి నాకు మాట వచ్చింది, టైమ్ షీట్‌లో రోజుకు ఒక గంట తగ్గించి రాయమని. నాకు నెలకు 450 రియాళ్ళు 'ఇన్సెంటివ్' అన్నారు. ఒక గంటేగా అనుకున్నాను. ఇంటి దగ్గర అప్పు ఉంది, చెల్లి పెళ్ళి ఉంది. నాలుగు నెలలు సంతకం పెట్టాను. తొమ్మిదిమంది, నెలకు 26 రోజులు, నాలుగు నెలలు. మొత్తం 936 గంటలు. ఆ గంటల్లో ఒక్కటి కూడా నేను ఇనుప చువ్వ మోయలేదు.

సౌదీలో జీతాలు బ్యాంకు ద్వారానే పడేలా 2013 నుంచి వేతన రక్షణ విధానం పెట్టారు. మంచి పనే. కానీ బ్యాంకుకు జీతం పడిందో లేదో తెలుస్తుంది గానీ, సైటులో రాయని గంట తెలియదు. అది తెలిసేది ఇద్దరికే, పని చేసినవాడికి, సంతకం పెట్టినవాడికి.

ఒకరోజు శ్రీకాకుళం తమ్ముడొకడు చిన్న నోటుబుక్కు తెచ్చాడు. రోజూ పనిగంటలు అందులో రాసుకున్నాడు. "సార్, నా లెక్క తప్పా, మీ లెక్క తప్పా?" అన్నాడు. "నీదే తప్పు" అన్నాను. అతను తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ వారం సెలవురోజు గదిలో మేం నలుగురం బైబిలు చదువుకుంటుంటే వంతు ప్రకారం యాకోబు పత్రిక 5వ అధ్యాయం వచ్చింది. ధనవంతుల బంగారం, వెండి తుప్పు పట్టాయని, ఆ తుప్పే వాళ్ళ మీద సాక్ష్యం చెబుతుందని మొదట ఉంటుంది. ఆ వెంటనే, పొలం కోసినవాళ్ళకు ఎగ్గొట్టిన కూలి మొరపెడుతోందనీ, కోసినవాళ్ళ కేకలు దేవుడి చెవిన పడ్డాయనీ ఉంటుంది. తుప్పు, కూలి పక్కపక్కనే. చదువుతున్నది నేనే. గొంతు పెగల్లేదు.

అంతకాలం నేను ప్రార్థన మానలేదు. కానుక పంపడం మానలేదు. మందు ముట్టలేదు. అందుకే మంచివాణ్ణే అనుకున్నాను. యెహెజ్కేలు 13వ అధ్యాయంలో ఒక గోడ ఉంది. జనం కట్టిన బలహీనమైన గోడకు అబద్ధ ప్రవక్తలు పైన పూత పూస్తారు. వాన, వడగళ్ళు వస్తే గోడా పూతా కలిసి కూలతాయి. నా భక్తి ఆ పూతే. నైతికంగా చెడడం వేరు, ఆత్మీయంగా చెడడం వేరు అనుకునేవాణ్ణి. అవి రెండు కావు. అబద్ధపు టైమ్ షీట్ మీద సంతకం మొదటిదైతే, ఆ చేత్తోనే బైబిలు తెరిచి ఏమీ అనిపించకపోవడం రెండోది.

మరి పని చేయించేవాడు వేరేలా ఉండగలడా? మన తెలుగునేల మీదే ఒక ఉదాహరణ ఉంది. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కరువు పనిగా నడిచింది. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అందులో కొన్ని మైళ్ళు కాంట్రాక్టు తీసుకున్నారు. ఆయనకు అంతకు ముందే సర్వేయర్ పని తెలుసు. తన బోధకులనే పనిమీద సూపర్‌వైజర్లుగా పెట్టి, వేలాది మాదిగ కుటుంబాలకు పని చూపించారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగినా, కరువు సాయం నడిచినంతకాలం ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఆ అంకెనే గుర్తు పెట్టుకుంటారు. నాకు మాత్రం ఆ ముందు కాలమే పెద్దది. భక్తిని కూలికి ఎర చేయలేదు.

తుప్పు పట్టిన కాంక్రీటు బాగుచేయాలంటే పైన పూత వేస్తే చాలదని మనకు తెలుసు. మంచి స్టీలు కనపడేదాకా కొట్టి, తుప్పు గీకి, అప్పుడు కొత్త మాలు పట్టించాలి. లేవీయకాండం 14వ అధ్యాయంలో ఇంటి గోడకు పొడ పడితే చేయాల్సింది కూడా ఇలాగే ఉంటుంది. చెడిన రాళ్ళు తీసేయాలి, గోడ గీకాలి, కొత్త రాళ్ళు పెట్టి పూయాలి. మళ్ళీ వస్తే ఇల్లే పడగొట్టాలి. సుంకం వసూలు చేసే జక్కయ్య కూడా క్షమించమని ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకుంది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు.

నేను సైటులో ఉన్నవాళ్ళను కూర్చోబెట్టి నిజం చెప్పాను. ఒకరిద్దరు తిట్టారు. న్యాయమే. అసలు గంటలు రాసి సంతకం చేసి కంపెనీకి ఇచ్చాను. చివరి రెండు నెలల ఓటీ వచ్చింది, ముందుది రాలేదు. నా 1,800 రియాళ్ళు తలా 200 చొప్పున పంచాను. జక్కయ్య లెక్కకు అది ఏ మూలకు? తర్వాత నా కాంట్రాక్టు రెన్యూ కాలేదు. ఆర్నెల్లు ఇంట్లో కూర్చుని, మళ్ళీ ఇటు వచ్చాను.

"చిన్నవాళ్ళం, ఏం చేయగలం, ఇకామా వాళ్ళ చేతిలో ఉంది" అంటారు కొందరు. ఆ భయం నాకు తెలుసు. నేనూ అలాగే అనుకుని సంతకం పెట్టాను. అందరూ ఉద్యోగాలు వదిలేయమని నేను అనను. కూలి అన్నలకు ఒక్క మాట. మీ గంటలు మీరు రోజూ రాసుకోండి. ఆ నోటుబుక్కు లేకపోతే నేను ఈరోజుకీ మంచివాణ్ణే అనుకునేవాణ్ణి. సూపర్‌వైజర్ తమ్ముళ్ళకు ఇంకో మాట. "ఒక గంటేగా" అనిపించిన రోజే ఆగండి. ఊరి కుర్రాళ్ళను ఏజెంటుకు చూపించి కమీషన్ తీసుకునే మనవాళ్ళకూ ఇదే మాట. ఏ మతంవాళ్ళకైనా ఇంతే.

ఆ తొమ్మిదిమందిలో ఇద్దరు నేను నిజం చెప్పేలోపే ఫైనల్ ఎగ్జిట్‌లో వెళ్ళిపోయారు. ఒకతనికి ఫోన్ కలిసింది. ఇంకొకతని నంబరు మారిపోయింది. అతని 200 రియాళ్ళు కవరులో పెట్టి పెట్టెలో దాచాను. ఇంకా నా దగ్గరే ఉన్నాయి.